తుపాను దాటాక నుయ్యి, చేను, తోట దక్కించుకోవడం ఎలా

అక్టోబరు, నవంబరుల్లో తీరం దాటే తుపాను మన ఊళ్లను సరిగ్గా వరి కంకి బరువెక్కే వేళ పట్టుకుంటుంది. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. కోనసీమ కొబ్బరిని కూల్చిన తుపాను 1996 నవంబరు 6న, ఉద్దానాన్ని ఊడ్చేసిన తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చాయి. గాలిని ఆపడం ఎవరి తరమూ కాదు. గాలి ఆగాక ఏ పని ముందు, ఏది వెనక అన్నది మాత్రం మన చేతిలోనే ఉంటుంది. తెల్లారగానే అందరూ ఇంటి కప్పు ఎక్కుతారు, నూతిని మర్చిపోతారు. మూడో రోజుకి వీధిలో విరేచనాలు మొదలవుతాయి. పడిన కొబ్బరి దుంగలు సంక్రాంతి అయ్యాక తీద్దాంలే అనుకుంటారు. ఆరేడు నెలలకి, ఆ కుళ్లిన దుంగల్లో పుట్టిన కొమ్ముపురుగు నిలబడ్డ చెట్లకి పడుతుంది. అందుకే కింద చెప్పిన వరస తప్పించకండి.

ముందుగా చేయాల్సినవి

ఫోను, టార్చి, మందులు, బియ్యం సంగతి మీకు తెలిసిందే. తెలిసీ చాలామంది చేయనివి ఇవి.

నూతి మీద తాటి దూలాలు అడ్డంగా వేసి, పైన బరకం కప్పి, అంచుల చుట్టూ ఇసుక బస్తాలు పెట్టండి. ఉప్పెన వస్తే ఇది ఆగదు. వాన మురుగు, కొమ్మా రెమ్మా పడకుండా మాత్రం కాపాడుతుంది.

కొబ్బరి తోటలో ముదురు గెలలన్నీ దింపు తీయించండి. వేలాడే ఎండు కమ్మలు లాగించేయండి. తల బరువు తగ్గిన చెట్టు ఊగుతుంది, బరువున్న చెట్టు విరుగుతుంది. అలాగని పచ్చి కమ్మలు నరికించకండి. రాబోయే కాపు ఆ కమ్మల మొదళ్లలోనే ఉంటుంది.

కోతకొచ్చిన వరిని "రేపు గాలిట, ఈరోజే కోసేద్దాం" అని కోయకండి. కోసి పరిచిన పన నీట మునిగితే రెండు మూడు రోజుల్లోనే మొలక రావచ్చు. నిలబడి ఉన్న చేను పడిపోయినా కొంత దక్కుతుంది. కోత మిషను దొరికి, గింజని అదే రోజు కప్పు కిందకి చేర్చగలిగితేనే కోయండి.

డయాలసిస్ మీద ఉన్నవాళ్లు, ముఖ్యంగా కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు, రెండు రోజుల ముందే ఆసుపత్రి ఉన్న పట్నానికి వెళ్లిపోవాలి. చెట్లు పడి దారి మూసుకుంటే వారానికి రెండు మూడు సార్ల చికిత్స తప్పిపోతుంది. నెలలు నిండిన ఆడవాళ్ల విషయంలోనూ ఇదే మాట.

పశువుల పలుపులు విప్పేయండి. మెరక మీదికి తోలగలిగితే తోలండి. తోలలేకపోయినా కట్టు కట్టి మాత్రం వదలకండి. విప్పి వదిలితే ఈదుకుంటూ మెట్టకి చేరే అవకాశమైనా ఉంటుంది. చెవి పోగు నంబర్లు రాసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తాయి.

గాలి ఏ వైపు తిరుగుతోందో చూడండి

మన తీరంలో తుపాను గాలి గడియారం ముల్లుకి ఎదురు దిశలో సుడి తిరుగుతుంది. ఈశాన్యం నుంచి మొదలైన గాలి తూర్పుకి, ఆపైన ఆగ్నేయానికి తిరుగుతుంటే తుపాను కేంద్రం మీకు దక్షిణంగా దాటుతోందని లెక్క. అంటే సముద్రాన్ని ఊరి మీదికి తోసే వైపు మీరున్నారు, ఉప్పెన భయం ఎక్కువ. ఉత్తరం నుంచి వాయవ్యానికి, పడమరకి తిరిగితే కేంద్రం మీకు ఉత్తరంగా పోతోంది. అప్పుడు ఉప్పెన కంటే వాన, వరద ఎక్కువ బాధపెడతాయి.

తిరగకుండా ఒకే వైపు నుంచి బలంగా వీచి, ఉన్నట్టుండి గాలి చచ్చుబడిందంటే తుపాను కన్ను మీ నెత్తిమీద ఉంది. అది పది నిమిషాలు ఉండొచ్చు, గంట కూడా ఉండొచ్చు. ఆ తర్వాత గాలి మొదట వీచిన వైపుకి సరిగ్గా ఎదురు నుంచి కొడుతుంది. మొదటి గాలికి ఒరిగిన గోడలు, చెట్లు ఆ ఎదురు గాలికి కూలతాయి. అయిపోయిందనుకుని పశువుల కోసం బయటికొచ్చిన మనుషులు అప్పుడే పోతారు. వాతావరణ శాఖ తీరం దాటిందని చెప్పినా, మీ ఊళ్లో గాలి మెల్లమెల్లగా తగ్గి ఆగిందా, టక్కున ఆగిందా అన్నదే మీకు గుర్తు.

మొదటి ఉదయం

బయటికి అడుగు పెట్టేటప్పుడు కర్ర, బూట్లు ఉండాలి. నీళ్లలో తెగిపడిన తీగ కనబడదు. పడిన స్తంభానికి పది మీటర్ల దూరం ఉండండి, 1912కి చెప్పండి. మీ వీధికి కరెంటు లేదు కాబట్టి తీగ చచ్చిందని నమ్మకండి. ఎవరో ఒకరు జనరేటరు వేసి, మెయిన్ స్విచ్ ఆపకుండా దాన్ని ఇంటి వైరింగుకి కలిపితే, ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మరు మీదుగా వెనక్కి లైన్‌లోకి ఎక్కుతుంది. లైన్‌మన్లు చనిపోయేది ఇలాంటి పనులకే. జనరేటరు వాడితే మెయిన్ దించి, లైట్లు, మోటారు నేరుగా దానికే కలపండి.

నీట మునిగిన మోటారుని ఎండలో పెట్టి పైన ఆరగానే స్విచ్ వేస్తే వైండింగు కాలిపోతుంది. విప్పించి, లోపల ఆరబెట్టించి, మెగ్గర్‌తో (వైండింగు ఇన్సులేషను కొలిచే మీటరు) చూపించి, కనీసం ఒక మెగాఓమ్ వచ్చాకే వేయండి.

పాము కరిస్తే కోయొద్దు, కట్టు బిగించొద్దు, పసరు పోయొద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా బద్ద కట్టి 108కి ఫోను చేయండి. దారి మూసుకుపోయి ఉంటే మంచం మీద మోసుకెళ్లండి, నడిపించకండి.

దారికడ్డం పడిన చెట్టు కోయడంలో ఒక చిక్కుంది. వంగి బిగుసుకున్న మాను విల్లులాంటిది. సాగిన వైపు ముందు రంపం పెడితే ఫట్టున చీలి మనిషిని కొడుతుంది. ముందు నొక్కుకుపోయిన వైపు, అంటే వంపు లోపలి వైపు, మూడో వంతు దాకా కోయండి. తర్వాత సాగిన వైపు నుంచి కోసి తెంచండి. వేళ్లతో సహా లేచిన చెట్టుని మొదట్లో కోస్తే, ఆ వేరు గడ్డ మట్టితో సహా వెనక్కి గుంటలోకి లేచి కూర్చుంటుంది. గుంట వైపు ఎవరూ ఉండకూడదు. పిల్లలు సరిగ్గా అక్కడే నిలబడతారు.

నుయ్యి: మధ్యాహ్నం లోపు

వరద నీరు నూతి గట్టు దాటి లోపలికి వెళ్లిందా లేదా అన్నది ముందు తేల్చుకోండి. వెళ్లి ఉంటే ఆ నీళ్లు తోడి పారబోయాల్సిందే. ఆయిల్ ఇంజను పెట్టి తోడించండి. చుట్టూ నేల నానిపోయి ఉన్నప్పుడు నూతిని ఒక్కసారిగా ఖాళీ చేస్తే పాత వరలు లోపలికి కూలే ప్రమాదం ఉంది. సగం తోడి, ఊరనిచ్చి, మళ్లీ తోడండి. ఇంజను నూతిలోకి దింపకండి. దాని పొగకి లోపల మనిషి ఊపిరాడక చస్తాడు.

నీరు తేరాక బ్లీచింగ్ వేయాలి. గుప్పెడు, రెండు గుప్పెళ్లు అని చల్లడం దండగ. లెక్క సులువే:

నీళ్లు (లీటర్లలో) = 3.14 × వెడల్పు × వెడల్పు × నీటి లోతు ÷ 4 × 1000. కొలతలన్నీ మీటర్లలో తీసుకోవాలి.

నుయ్యి 2 మీటర్ల వెడల్పు, నీళ్లు 3 మీటర్లు ఉంటే 3.14 × 2 × 2 × 3 ÷ 4 × 1000 = 9,420 లీటర్లు. మంచి బ్లీచింగ్ పౌడరు మామూలు రోజుల్లో వెయ్యి లీటర్లకి 2.5 గ్రాములు చాలు. వరద తర్వాత రెట్టింపు, అంటే 5 గ్రాములు వేయండి. ఈ నూతికి 47 గ్రాములు పడుతుంది, 50 అనుకోండి. కిరాణా కాటా మీద తూయించి తెచ్చుకోండి.

పొడిని నేరుగా నూతిలో పోయకండి. బకెట్‌లో కొద్ది నీళ్లతో ముందు ముద్దలా కలపండి. బకెట్ ముప్పావు దాకా నీళ్లు పోసి తిప్పి, పది నిమిషాలు వదిలేయండి. అడుగున సున్నం తేరుతుంది. పైన తేటని మాత్రమే వేరే బకెట్‌లోకి వంచి, తాడు కట్టి నూతిలో నీటి లోపలికి దించి, పైకీ కిందకీ ఆడించండి. అడుగు సున్నం నూతిలో పడితే నీళ్లు గట్టిపడతాయి, అంతకు మించి లాభం లేదు. ఒక బకెట్‌కి వంద గ్రాములకి మించి కలపకండి. వేశాక గంట ఆగి వాడండి. పంచాయతీ వాళ్ల దగ్గర క్లోరోస్కోప్ ఉంటుంది. లీటరుకి 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉందని అది చూపించాలి. చూపకపోతే మళ్లీ వేయాలి.

ఇంత చేసినా క్లోరిన్ నిలవకపోవడానికి మామూలుగా రెండే కారణాలు. పౌడరు పాతది, సంచి విప్పి తేమలో నెలలు పడి ఉంది. లేదా నీళ్లు ఇంకా బురదగా ఉన్నాయి, క్లోరిన్‌ని ఆ బురదే తినేస్తోంది. ఇంట్లో బిందె నీళ్లకీ ఇదే సూత్రం. ముందు పటికతోనో, చిల్లగింజ అరగదీసో తేర్చి, గుడ్డలో వడగట్టి, ఆ తర్వాతే క్లోరిన్ బిళ్ల వేయండి. 0.5 గ్రాముల బిళ్ల 20 లీటర్లకి సరిపోతుంది, అరగంట ఆగి తాగాలి. పొయ్యి ఉంటే మరగ కాచడమే మేలు.

సముద్రపు నీరు ఎక్కిన మంచినీటి చెరువుని బ్లీచింగ్ బాగుచేయలేదు. ఉప్పుకి క్లోరిన్‌తో పనిలేదు. చెరువుని ఖాళీ చేసి, మళ్లీ కాలువ నీటితో నింపడం ఒక్కటే దారి. అప్పటిదాకా ట్యాంకరు కోసం ఊరంతా కలిసి అడగండి. 1070 రాష్ట్ర విపత్తుల కంట్రోల్ రూం, 1077 జిల్లాది.

పశువులు

చనిపోయినవాటిని చూసి కంగారుగా పాతిపెట్టకండి. ముందు చెవి పోగు కనబడేలా ఫోటో తీసి, పశువైద్యుడి చేత రాయించుకోండి. ఆ కాగితం లేకపోతే పరిహారం రాదు. 2022–26 కాలానికి కేంద్రం పెట్టిన విపత్తు సహాయ నిబంధనల ప్రకారం పాడి గేదెకి, ఆవుకి 37,500 రూపాయలు, గొర్రెకి, మేకకి 4,000. అయినా ఒక రోజుకి మించి ఉంచకూడదు. ఆరడుగుల గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి. నూతికి, చెరువుకి దూరంగా, మెరక మీద తీయండి.

బతికినవాటికి తడిసి బూజుపట్టిన గడ్డి వేయకండి. గొంతువాపు, జబ్బవాపు టీకాలు ఆ సీజనులో పడి ఉండకపోతే 1962కి ఫోను చేసి వేయించండి. ఇక మనుషుల మాట. ఎలుక జ్వరం బురదనీళ్లలోంచి కాళ్ల పగుళ్ల ద్వారా ఎక్కుతుంది. పుండ్లు ఉన్నవాళ్లు చేలోకి దిగకండి. దిగక తప్పనివాళ్లు ముందుజాగ్రత్త మాత్రల గురించి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి.

ఫోటోలు, జాబితాలు

చేలో ఏ పని మొదలుపెట్టేముందైనా ఐదు నిమిషాలు దీనికి ఇవ్వండి. తేదీ, స్థలం ఫోటో మీదే పడే జీపీఎస్ కెమెరా యాప్‌తో తీయండి. సరిహద్దు రాయి, మీరు, పంట మూడూ ఒకే ఫోటోలో పడాలి. పడిన కొబ్బరి చెట్లకి సున్నంతో నంబర్లు వేసి తీయండి. దుంగలు తరలించాక ఎన్ని పడ్డాయో చెప్పడానికి ఇంకో సాక్ష్యం ఉండదు.

పంట ఈ-క్రాప్‌లో (ప్రభుత్వ పంట నమోదు) ఎక్కి ఉందో లేదో రైతు సేవా కేంద్రంలో చూడండి. నష్టం 33 శాతం దాటితేనే పెట్టుబడి రాయితీ వస్తుంది. 2022–26 కేంద్ర నిబంధనల్లో అది నీటి వసతి ఉన్న భూమికి హెక్టారుకి 17,000 రూపాయలు, తోటలకి 22,500. రాష్ట్రం దానిపైన కలపొచ్చు. కౌలుకి చేసేవాళ్లు కౌలు కార్డుతో నమోదు చేయించుకోకపోతే డబ్బు భూమి యజమాని ఖాతాలో పడుతుంది, తర్వాత గొడవలు. పంట బీమా ఉండి, కోసి చేలో ఆరబెట్టిన పంట తడిస్తే 72 గంటల్లోగా 14447కి చెప్పాలి. కోసిన 14 రోజుల దాకే ఈ రక్షణ.

ఊరి సచివాలయంలో జాబితా అంటించినప్పుడు వెళ్లి మీ పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం మూడూ చదవండి. పేరుంటే చాలనుకుని వచ్చేస్తారు. విస్తీర్ణం సగమే ఉందని డబ్బు పడ్డాక తెలుస్తుంది.

వరి చేను: రెండో రోజు

నీళ్లు తీసేయడమే మొదటి మందు. గట్టు తెంచగానే సరిపోదు. బోదె ఎక్కడికి పోతుందో, మురుగు కాలువలో గుర్రపుడెక్క అడ్డం ఉందేమో నలుగురు కలిసి చూడాలి. ఒక్క రైతు తెంచితే నీళ్లు పక్కవాడి చేలోకి పోతాయంతే.

కంకి గట్టిపడి, పడిపోయిన చేనుకి ఉప్పునీళ్లు కొట్టండి. గింజ మొలకెత్తాలంటే నీళ్లు పీల్చుకోవాలి, ఉప్పు ఆ పీల్చుకోవడాన్ని అడ్డుకుంటుంది. లీటరుకి 50 గ్రాములు, ఎకరాకి 200 లీటర్లకి 10 కిలోల కల్లుప్పు. 16 లీటర్ల ట్యాంకుకి 800 గ్రాములు. బకెట్‌లో కరిగించి, గుడ్డలో వడగట్టి పోయండి. లేకపోతే నాజిల్ పూడిపోతుంది. కంకులు బాగా తడవాలి, ఆకులు కాదు. కొట్టాక మళ్లీ వాన పడితే ఇంకోసారి కొట్టాలి. సాయంత్రం స్ప్రేయరుని మంచినీళ్లతో కడగండి, ఉప్పుకి ఇత్తడి నాజిల్, పంపు తుప్పుపట్టిపోతాయి.

స్వర్ణలాంటి రకాలకి రెండు మూడు వారాల నిద్రావస్థ ఉంటుంది, అంటే గింజ ముదిరినా అన్నాళ్లూ మొలకెత్తదు, కొంత టైము ఇస్తాయి. నిద్రావస్థ లేని రకమైతే మొలక రెండు మూడు రోజుల్లోనే కనబడుతుంది. రెండు రకాలూ వేసినవాళ్లు ఉప్పు ముందుగా నిద్రావస్థ లేనిదానికే కొట్టండి.

నాలుగైదు దుబ్బులు కలిపి నిలబెట్టి కట్టడం మంచిదే, కూలి గిట్టుబాటైతేనే. గింజ పాలు పోసుకునే దశలో ఉంటే ఉప్పు జోలికి పోకండి. నీరు తీసి, గింజ మచ్చ రాకుండా ప్రొపికొనజోల్ లీటరుకి 1 మిల్లీలీటరు చొప్పున కొట్టండి. పిలక దశలో మునిగి తేలిన చేనుకి, నీళ్లు పోయాక ఎకరాకి 20 కిలోల యూరియా, 15 కిలోల పొటాష్ వేస్తే తేరుకుంటుంది.

ధాన్యం ఇప్పటికే కళ్లంలో తడిసి, ఎండ రాకపోతే? క్వింటాకి కిలో ఉప్పు, 20 కిలోల పొడి ఊక కలిపి రాసి పోయండి. వారం దాకా మొలక రాదు, రంగు మారదు. ఊక తడిదైతే మొత్తం వేడెక్కి కుళ్లుతుంది. ఎండ వచ్చాక ఆరబోసి ఊక తూర్పారబట్టుకోవచ్చు. బరకం కప్పి చుట్టూ మూసేయడం వల్లే చాలా ధాన్యం పాడవుతుంది. వాన లేనప్పుడు అంచులెత్తి గాలాడనివ్వండి. ప్రభుత్వ కొనుగోలులో తేమ 17 శాతం దాటకూడదు, కాబట్టి కొలిపించకుండా బండి ఎక్కించకండి.

ఉప్పునీరు ఎక్కిన చేనులో మంచినీరు పెట్టి, రెండు మూడు రోజులుంచి, వదిలేయండి. ఇలా మూడు నాలుగు సార్లు చేయాలి. తర్వాత మట్టి పరీక్ష చేయించండి. రిపోర్టులో ఈసీ అని రాసే లవణ సాంద్రత 3 (డెసీసీమెన్స్/మీటరు) దాటితే వరి దిగుబడి తగ్గుతుంది. పరీక్ష లేకుండా జిప్సం బస్తాలు కొనకండి, అది కారు చౌడుకి మందు, ఉప్పుకి మంచినీళ్లే.

అరటి విషయం చిన్నది. విరిగిన చెట్లని నేలమట్టానికి నరికి, ఒక బలమైన సూది పిలకని ఉంచి, దానికి 100 గ్రాముల యూరియా, 80 గ్రాముల పొటాష్ వేయండి.

కొబ్బరి: వారం నుంచి ఏడాది దాకా

కొబ్బరికి మొవ్వు, అంటే తల నడుమ కొత్త ఆకు పుట్టే చోటు, ఒక్కటే. అది పోతే చెట్టు పోయినట్టే, మాను ఎంత పచ్చగా ఉన్నా. అందుకని ముందు చెట్లని మూడు రకాలుగా విడదీయండి: తల విరిగినవి, ఒరిగినవి, నిలబడినా గాలికి తల మెలిపడినవి.

తల విరిగినవి, మాను విరిగినవి వెంటనే తీసేయాలి. కోత మిల్లులకి, ఇటుక బట్టీలకి అమ్మండి. ఊరంతా ఒకేసారి అమ్ముతుంది కాబట్టి ధర దక్కదు, ఊరికే తీసుకెళ్లినా నయమే. కుళ్లే మొద్దులో కొమ్ముపురుగు గుడ్లు పెడుతుంది. మీ తోట శుభ్రం చేసుకున్నా పక్క తోటలో దుంగలుంటే ఆ పురుగు మీ చెట్టు మీదికే వస్తుంది. ఊరంతా కలిసి చేయాల్సిన పని ఇది.

ఒరిగినవాటిలో లేత చెట్లని, సగం వేళ్లయినా మట్టిలో ఉంటే, నిలబెట్టొచ్చు. గుంట తవ్వి, మెల్లగా లేపి, మూడు వైపులా తాళ్లతో కట్టి, మట్టి ఎగదోయండి. తాడు కింద గోనె గుడ్డ చుట్టండి, లేకపోతే మాను కోసుకుపోతుంది. పెద్ద చెట్టుని లేపే ఖర్చుకి కొత్త మొక్కలు చాలా వస్తాయి. పక్కకి వాలినా తల బాగున్న పెద్ద చెట్టుని అలాగే వదిలేయండి, మొవ్వు తనంతట తాను పైకి తిరుగుతుంది.

తల మెలిపడిన చెట్లతోనే అసలు పని. విరిగి వేలాడే కమ్మలు తీయండి. పచ్చి కమ్మ నరకాల్సి వస్తే మానుకి ఆనుకుని నరకకండి, 120 సెంటీమీటర్ల మట్ట వదలండి. మానుకి దగ్గర గాయం వాసనకి ఎర్రముక్కు పురుగు వచ్చి గుడ్లు పెడుతుంది.

నలిగిన మొవ్వులో నీళ్లు నిలిస్తే మొవ్వు కుళ్లు పడుతుంది. బోర్డో మిశ్రమం 1 శాతం మొవ్వు చుట్టూ బాగా తడిసేలా పోయాలి. మైలుతుత్తం కిలో 50 లీటర్ల నీళ్లలో, పొడిసున్నం కిలో ఇంకో 50 లీటర్లలో విడివిడిగా కలపండి. ప్లాస్టిక్ డ్రమ్ములే వాడండి, ఇనుప డ్రమ్ముని మైలుతుత్తం తినేస్తుంది. మైలుతుత్తం నీళ్లని సున్నం నీళ్లలోకి మెల్లగా పోస్తూ కలపండి, తిరగేసి పోస్తే గడ్డలు కడుతుంది. ఇనుప మేకు నిమిషం ముంచి తీయండి. ఎర్రటి రాగి పూత పడితే ఇంకొంచెం సున్నం కలపాలి. అదే రోజు వాడేయండి. ఇది చేసుకోలేకపోతే కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకి 3 గ్రాములు.

మూడు వారాల తర్వాత చెట్టెక్కించి నడిమి ఈటె ఆకుని మెల్లగా లాగి చూడమనండి. ఊడి చేతికొచ్చి కుళ్లు వాసన వేస్తే, కుళ్లినంతా కత్తితో తీసి, బోర్డో పేస్టు పూసి, కొత్త మొలక వచ్చేదాకా పాలిథిన్ కప్పు కట్టాలి. పేస్టుకి మైలుతుత్తం కిలో, సున్నం కిలో, మొత్తం నీళ్లు 10 లీటర్లు. మిగిలిన చెట్లకి పై మూడు కమ్మల మొదళ్లలో వేప పిండి 250 గ్రాములు, అంతే ఇసుక కలిపి నింపితే కొమ్ముపురుగు దూరంగా ఉంటుంది.

వేళ్లు తెగి ఉన్నప్పుడు ఎరువు వేస్తే దండగ. కొత్త ఆకు కదిలాక ఏడాది మోతాదు, అంటే యూరియా కిలో, సూపర్ ఫాస్ఫేట్ 2 కిలోలు, పొటాష్ 2 కిలోలు, రెండు సగాలుగా వేయండి.

కాపు ఎప్పుడొస్తుందని అడుగుతారు. పొత్తి (పూల గెల) పగలడానికి రెండున్నరేళ్లకి పైగా ముందే దాని మొలక మొవ్వు లోపల పడి ఉంటుంది, చెట్టు నెలకొక కమ్మే విప్పుతుంది. కాబట్టి తుపాను తిన్న చెట్టు రెండు మూడేళ్లు తక్కువ కాస్తుంది. మొదటి ఏడాది కాయలు రాలేదని బాగున్న చెట్టుని నరికేవాళ్లున్నారు. విప్పుకున్న కొత్త కమ్మలు లెక్కపెట్టండి. ఏడాదికి పది, పన్నెండు వస్తుంటే ఆ చెట్టు బతికింది, ఉంచండి. కొత్త కమ్మల మీద కత్తెరతో కోసినట్టు అంచుల వెంట కోతలు కనబడితే కొమ్ముపురుగు తోటలోకి వచ్చేసిందని లెక్క. మనిషిని ఎక్కించి, పురుగుని కొక్కెంతో లాగించి, ఆ వారమే చుట్టుపక్కల మిగిలిన దుంగ ఎక్కడుందో వెతకండి.